రాతి మీద గుంటలు: సూర్యుడి లెక్కా, మన ఊహా?

బండ మీద ఏడు గుంటలు కనబడితే సప్తర్షులు. పన్నెండు కనబడితే నెలలు. ఇరవై ఏడైతే నక్షత్రాలు, ముప్పై అయితే నెలకి రోజులు, యాభై రెండైతే వారాలు. నూట ఎనిమిది కనబడితే ఇక చెప్పనే అక్కర్లేదు :)

ఇలాంటి ఫార్వర్డులు మీకూ వచ్చే ఉంటాయి. ఒక కొండ, ఒక బండ, దాని మీద ఎవరికీ అర్థం కాని గుర్తులు. కింద "మన పూర్వీకులు 3000 ఏళ్ళ క్రితమే సూర్యసంవత్సరాన్ని రాతి మీద రాసి పెట్టారు" అని ఒక వాక్యం. దానికి ఒకవైపు "జై" అనేవాళ్ళు, ఇంకోవైపు "అంతా ట్రాష్" అనేవాళ్ళు. నాకు ఈ రెండు గుంపుల్లో దేంట్లోనూ చేరాలని లేదు. ఎందుకంటే ఇది నమ్మకాల గొడవ కాదు, లెక్క పెట్టి తేల్చుకోగల విషయం. లెక్క మన వృత్తే కదా, ఒకసారి పెట్టి చూద్దాం.

ముందు అసలు సూర్యసంవత్సరం అనేది మా అనంతపురం నుంచి చూస్తే ఎలా కనబడుతుందో చెప్పుకోవాలి. ఇక్కడ ఆకాశానికి కొదవ లేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లో ఎంతో వాన పడే నేల. మబ్బుల కంటే ఎండే ఎక్కువ. చెట్లు తక్కువ. ఎర్ర నేల, మధ్యమధ్య గుండ్ల కొండలు, అంతదూరం దాకా కనబడే దిగంతం. అబ్జర్వేటరీకి ఇంతకంటే ఏం కావాలి?

అనంతపురం 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. జూన్ 21న ఇక్కడ సూర్యుడు సరిగ్గా తూర్పున కాకుండా, తూర్పుకి 24.3 డిగ్రీలు ఉత్తరంగా ఉదయిస్తాడు. డిసెంబర్ 21న అంతే దక్షిణంగా. అంటే ఏడాది పొడుగునా సూర్యోదయం దాదాపు 49 డిగ్రీల వెడల్పులో అటూ ఇటూ ఊగుతుంది. గడియారం లోలకంలాగా అన్నమాట. ఆ చివర ఒక రాయి, ఈ చివర ఒక రాయి పాతి, ఎప్పుడూ ఒకేచోట నిలబడి చూస్తే సంవత్సరం మీ చేతిలో ఉన్నట్టే.

కానీ ఇందులో ఒక చిక్కుంది. లోలకం చివర్లలో నెమ్మదిస్తుంది కదా, సూర్యుడూ అంతే. అయనాంతానికి వారం ముందు, వారం తర్వాత చూసినా ఉదయించే చోటు 0.2 డిగ్రీ కూడా మారదు. సూర్యబింబం వెడల్పే అర డిగ్రీ! కాబట్టి "ఈరోజే ఉత్తరాయణం మొదలైంది" అని కంటితో చూసి చెప్పడం కుదరదు, వారం అటూ ఇటూ అవుతుంది. అదే మార్చిలో, సెప్టెంబర్‌లో విషువత్తుల దగ్గరయితే సూర్యోదయం రోజుకి 0.4 డిగ్రీ జరుగుతుంది. అక్కడ తేదీని ఒక రోజు తేడాతో పట్టుకోవచ్చు. అందుకని ఎవరైనా నిజంగా క్యాలెండర్ కోసమే రాళ్ళు పాతితే, కొసల్లో మాత్రమే కాదు, మధ్యలో కూడా పాతి ఉండాలి. ఈ పాయింటు గుర్తుపెట్టుకోండి.

ఇంకోటి. ఉష్ణమండలంలో ఉన్నవాళ్ళకి మాత్రమే దొరికే సౌకర్యం ఒకటుంది. ఏప్రిల్ చివర్లో ఒకరోజు, మళ్ళీ ఆగస్టు రెండో వారంలో ఒకరోజు అనంతపురంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి మీద ఉంటాడు. నిలువుగా పాతిన రాయికి నీడ ఉండదు. ఆ రెండు రోజుల మధ్యకాలంలో మధ్యాహ్నం నీడ దక్షిణానికి పడుతుంది, మిగతా ఏడాదంతా ఉత్తరానికి. ఒక్క రాయితో ఏడాదిని రెండు ముక్కలు చేయొచ్చన్నమాట. లండన్‌లో కూర్చున్నవాడికి ఈ ఛాన్స్ లేదు.

ఇక రాళ్ళ దగ్గరికి వద్దాం. మన తెలుగు నేల మీద ఈ చర్చకి అసలైన కేసు ముడుమాల్. తెలంగాణలో నారాయణపేట జిల్లా, కృష్ణా నది ఒడ్డు. పాత మహబూబ్‌నగర్ జిల్లా, రాయచూరుకి దగ్గర. అక్కడ 12 నుంచి 14 అడుగుల ఎత్తున్న నిలువురాళ్ళు 80 దాకా ఉన్నాయి. వాటి చుట్టూ వరసలుగా పేర్చిన చిన్న రాళ్ళు ఇంకా చాలా ఉన్నాయి. ఊరివాళ్ళు వాటిని నిలురాళ్ళ తిమ్మప్ప అంటారు, ఒక రాయిని ఎల్లమ్మగా కొలుస్తారు. మూడు వేల ఏళ్ళకి పైబడినవని పరిశోధకుల అంచనా. బ్రిటిష్ పురావస్తువేత్త ఆల్చిన్ 1956లోనే ఈ ప్రాంతపు రాళ్ళ వరసల గురించి రాశాడు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ కె.పి.రావు గారు ఏళ్ళ తరబడి వీటి మీద పనిచేశారు. అక్కడే ఒక బండ మీద ఉన్న గుంటల్లో సప్తర్షి మండలం ఉందని గుర్తించింది ఆయనే. 2011లో ఖగోళ శాస్త్రవేత్త ఎన్.కామేశ్వరరావు గారు, సహ రచయితలతో కలిసి, అక్కడి రాళ్ళ వరసలు అయనాంతాల, విషువత్తుల సూర్యోదయ సూర్యాస్తమయ దిశలకి సరిపోతున్నాయని ఒక పరిశోధనా పత్రంలో రాశారు. 2025 మార్చిలో ముడుమాల్ యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది.

అంటే ఇది ఫార్వర్డు సరుకు కాదు, కొలతలు తీసినవాళ్ళు ఉన్నారు. సరే, ఇప్పుడు ఇంజనీర్ బుర్రతో అడగాల్సిన ప్రశ్న: ఇలా కుదరడం యాదృచ్ఛికంగా జరిగే అవకాశం ఎంత?

80 రాళ్ళలో ఏ రెండింటిని కలిపినా ఒక గీత వస్తుంది. 80 × 79 / 2 = 3160 గీతలు. మనకి కావలసిన దిశలు ఎన్ని? జూన్ సూర్యోదయం, డిసెంబర్ సూర్యాస్తమయం ఒకే గీతకి రెండు కొసలు. డిసెంబర్ సూర్యోదయం, జూన్ సూర్యాస్తమయం ఇంకో గీత. విషువత్తుల తూర్పు పడమర మూడోది. మొత్తం మూడు గీతలు. ఒక్కోదానికి అటు ఒక డిగ్రీ, ఇటు ఒక డిగ్రీ సర్దుబాటు ఇస్తే, మొత్తం 180 డిగ్రీల్లో 6 డిగ్రీలు మనవి. అంటే ముప్పైలో ఒకటి. 3160ని 30తో భాగిస్తే 105.

అర్థమైందా? కళ్ళు మూసుకుని 80 రాళ్ళు విసిరేసినా, అందులో ఓ వంద జతలు సూర్యుడి వైపు చూపిస్తాయి! "ఈ రాయి మీద నుంచి ఆ రాయి చూస్తే సరిగ్గా ఉత్తరాయణం రోజు సూర్యోదయం" అనే వీడియోకి అందుకే విలువ లేదు. ఏ గ్రానైట్ క్వారీలో అయినా తీయొచ్చు ఆ వీడియో.

మరి కామేశ్వరరావు గారి పని కూడా అంతేనా? కాదు, తేడా ఉంది. వాళ్ళు చెబుతున్నది జతల గురించి కాదు, వరసల గురించి. ఆరు రాళ్ళు ఒకే గీతలో నిలబడ్డాయంటే ఆ గీత విసిరేస్తే వచ్చింది కాదు, ఎవరో ఉద్దేశపూర్వకంగా పేర్చిందే. వరసలు తక్కువ కాబట్టి లక్ష్యానికి తగిలే ఛాన్సులూ తక్కువ. ఒక వరస అనుకోకుండా సరిపోవడానికి ముప్పైలో ఒక వంతు. వేరు వేరు దిశల్లో ఉన్న రెండు వరసలు అనుకోకుండా సరిపోవడానికి 900లో ఒక వంతు. పైగా తూర్పు పడమరలు మధ్య కొలత. ఇందాక గుర్తుపెట్టుకోమన్నానే, అది. కాకపోతే ఇక్కడ కూడా ఒక జాగ్రత్త కావాలి. సమాధులైనా, గుళ్ళైనా, చివరికి ఇళ్ళయినా తూర్పు పడమరలకి కట్టడం మనకి అలవాటు. తూర్పు ముఖం పెట్టిన ప్రతి ఇల్లూ విషువత్తు అబ్జర్వేటరీ కాదు. కాబట్టి అసలు బరువంతా అయనాంతపు వరసల మీద ఉంటుంది.

మూడు వేల ఏళ్ళలో సూర్యుడు జరిగిపోలేదా అని మీకు డౌట్ రావచ్చు. భూమి వంపు అప్పట్లో కొద్దిగా ఎక్కువ, 23.8 డిగ్రీలు. ముడుమాల్ దగ్గర దాని ప్రభావం 0.4 డిగ్రీ. సూర్యబింబం వెడల్పు కంటే తక్కువే. దూరంగా కొండ అడ్డం ఉంటే? మన అక్షాంశంలో సూర్యుడు దాదాపు నిటారుగా పైకి లేస్తాడు కాబట్టి, దిగంతం ఒక డిగ్రీ ఎత్తున్నా దిశ మారేది 0.3 డిగ్రీ. అదే ఇంగ్లాండులో స్టోన్‌హెంజ్ దగ్గర 1.6 డిగ్రీలు మారుతుంది. ఈ ఒక్క విషయంలో మన రాళ్ళ కేసు స్టోన్‌హెంజ్ కంటే క్లీన్ డేటా.

స్టోన్‌హెంజ్ అంటే గుర్తొచ్చింది. 1963లో జెరాల్డ్ హాకిన్స్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఐబీఎం 7090 కంప్యూటర్‌లోకి ఆ రాళ్ళ స్థానాలన్నీ ఎక్కించి, సూర్యచంద్రుల దిశలతో పోల్చాడు. బోలెడన్ని కుదిరాయి. "స్టోన్‌హెంజ్ డీకోడెడ్" అని 1965లో పుస్తకం వచ్చింది, సంచలనం అయింది. అక్కడి 56 గుంతల వలయం గ్రహణాలు లెక్కపెట్టే కంప్యూటర్ అని కూడా అన్నాడాయన. ఆ స్థలాన్ని తవ్విన పురావస్తువేత్త అట్కిన్సన్ ఊరుకోలేదు, 1966లో గట్టిగా జవాబిచ్చాడు. గొడవ ఎక్కడంటే, వేరు వేరు కాలాల్లో పాతిన రాళ్ళని, గుంతలని ఒకే డిజైన్‌గా లెక్కేయడం. వెయ్యేళ్ళ తేడాతో రాసిన కోడ్‌ని ఒకే రిలీజ్ అనుకుని డీబగ్ చేసినట్టు. చివరికి అందరూ ఒప్పుకున్నది ఒక్కటే: కట్టడం ప్రధాన అక్షం జూన్ సూర్యోదయానికి, డిసెంబర్ సూర్యాస్తమయానికి సరిపోతుంది. గ్రహణాల కంప్యూటర్ మాత్రం నిలబడలేదు.

ఇప్పుడు గుంటలు. వరసలకి ఉన్న బలం గుంటలకి లేదు. ఏడు చుక్కలు ఒక బండ మీద ఉంటే, వాటిని గరిటె ఆకారంలో కలపడం కష్టం కాదు. ఏడు కంటే ఎక్కువ గుంటలున్న బండలో కావలసిన ఏడింటిని ఎంచుకునే స్వేచ్ఛ మనదే. 30 గుంటల్లోంచి ఏడింటిని ఎన్ని రకాలుగా ఎంచుకోవచ్చో కాంబినేషన్స్ వేసుకోండి, ఇరవై లక్షలు దాటుతుంది. మన భాషలో దీన్ని ఓవర్‌ఫిట్టింగ్ అంటాం. సప్తర్షుల్లో కొసనున్న రెండు నక్షత్రాలని కలిపి గీత గీస్తే ధ్రువనక్షత్రం వస్తుందని చిన్నప్పుడు చదువుకున్నాం. ఈ పరీక్ష కూడా ఇక్కడ చెల్లదు. మూడు వేల ఏళ్ళ క్రితం ఇప్పటి ధ్రువనక్షత్రం ఉత్తర ధ్రువానికి పది డిగ్రీలకి పైగా దూరంలో ఉండేది. అది మిగతా నక్షత్రాల్లాగే తిరుగుతూ ఉండేది, ధ్రువంగా లేదు!

అంటే సప్తర్షులు కాదని తేల్చేస్తున్నానా? లేదు. ఆ గుర్తింపు బలపడాలంటే ఏం కావాలో చెబుతున్నాను. గుంటల మధ్య దూరాల నిష్పత్తులు ఆకాశంలోని నిష్పత్తులతో పోలాలి. ఎంచుకోని గుంటలకి కూడా సమాధానం ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, ఇంకో ఊళ్ళో ఇంకో బండ మీద అదే ఆకారం మళ్ళీ దొరకాలి.

అసలు గుంటలు చూపు కోసమే అనుకోవడం ఎందుకు? మా జిల్లా సరిహద్దు దాటితే బళ్ళారి. 1882 దాకా అనంతపురం కూడా బళ్ళారి జిల్లాలో భాగమే. బళ్ళారి దగ్గర కుప్పగల్లు కొండ ఉంది. రాతి మీద కొట్టి చెక్కిన ఎద్దులు, మనుషుల బొమ్మలు అక్కడ వందల్లో ఉన్నాయి. 2004లో నికోల్ బోవిన్ అనే పురావస్తువేత్త అక్కడి కొన్ని బండల గురించి రాసింది. వాటిని రాయితో కొడితే గంటలా మోగుతాయి. కొట్టి కొట్టి గుంటలు పడ్డాయి. అవి నక్షత్రాలు కాదు, తిథులు కాదు, వాయిద్యం! తీరిగ్గా కూర్చుని వాటిని లెక్కపెట్టి ఏదో ఒక సంవత్సరం తేల్చడం పెద్ద కష్టమేం కాదు. ఆ లెక్క కంటే ముందు ఒక రాయి తీసుకుని కొట్టి వినడం బెటరు.

మరి అర్థం కాని గుర్తుల్లో క్యాలెండర్ ఉందని నిజంగా నిరూపించినవాళ్ళు ఎవరూ లేరా? ఉన్నారు. మధ్య అమెరికాలోని మాయా లిపి. జర్మనీలో డ్రెస్డెన్ లైబ్రరీలో పనిచేసే ఎర్నెస్ట్ ఫర్‌స్టెమాన్ 1880లలో అక్కడున్న మాయా పుస్తకంలోని అంకెలని విప్పాడు. లిపి చదవడం రాదు, భాష రాదు. అయినా 20 రోజుల నెలలు 18, పైన ఐదు రోజులు, మొత్తం 365 అనే సంవత్సరాన్ని పట్టుకున్నాడు. ఒకచోట పదే పదే 584 వస్తోంది. శుక్రగ్రహం ఒక చుట్టు ముగించడానికి పట్టే కాలం 583.92 రోజులు. ఆ లిపిలో అక్షరాలని శబ్దాలుగా చదవడం మొదలైంది 1952లో, రష్యాలో నోరోజోవ్‌తో. అంటే క్యాలెండర్ ముందు, భాష 60 ఏళ్ళ తర్వాత.

ఫర్‌స్టెమాన్‌ది ఊహ ఎందుకు కాలేదు? ఎందుకంటే అతని దగ్గరున్నది ఒక్క సంఖ్య కాదు. ఒక పేజీలోని అంకెలు కూడితే తర్వాతి పేజీలోని అంకె రావాలి, వచ్చింది. తాళంచెవి తప్పయితే వందచోట్ల పట్టుబడేది. ఒక్కచోట సరిపోవడానికీ, తప్పయితే దొరికిపోయే అవకాశం ఉండి కూడా దొరక్కపోవడానికీ చాలా తేడా ఉంది.

దీనికి మన ఉదాహరణ ఇంకా దగ్గర్లోనే ఉంది. గుత్తి నుంచి పత్తికొండ వెళ్ళే దారిలో, వానలు పడగానే జనం వజ్రాలు ఏరుకునే జొన్నగిరికి దగ్గర్లో, ఎర్రగుడి గుండ్లు. అశోకుడి శాసనాలు. బ్రాహ్మీ లిపిని జేమ్స్ ప్రిన్సెప్ విప్పింది 1837లో. ఎర్రగుడి శాసనాలు బయటపడింది 1929లో. అంటే తాళంచెవి తయారైన 92 ఏళ్ళకి ఎవరూ చూడని కొత్త తాళం దొరికింది, పాత చెవితో తెరుచుకుంది. పైగా అక్కడ కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకి, నాగలి తిప్పినట్టు చెక్కి ఉన్నాయి. అయినా చదవగలిగారు. మెషీన్ లెర్నింగ్ వాళ్ళు టెస్ట్ డేటా విడిగా దాచిపెడతారే, ఎర్రగుడి గుండ్లు అలా చరిత్ర దాచిపెట్టిన టెస్ట్ డేటా.

అంత బాగా చదవగలిగే ఈ శాసనంలో కూడా ఒక సంఖ్య అందరినీ తిప్పలు పెట్టింది. 256. అశోకుడి చిన్న శిలాశాసనంలో ఈ అంకె వస్తుంది. బ్యూలర్ లాంటి మహా పండితుడు దాన్ని బుద్ధుడి నిర్యాణం నుంచి 256 సంవత్సరాలు అనుకున్నాడు. ఎంత ముచ్చటైన అర్థం! బుద్ధుడి కాలం ఒక్క దెబ్బకి తేలిపోతుంది. కానీ బీహార్‌లోని సహస్రాం ప్రతిలో అంకెతో పాటు "లాతి" అనే మాట కూడా ఉంది. అది రాత్రి అని 1910లో ఎఫ్.డబ్ల్యు.థామస్ వివరించాడు. 256 ఏళ్ళు కాదు, రాజు బయట పర్యటనలో గడిపిన 256 రాత్రులు. లిపి తెలుసు, భాష తెలుసు, అంకె స్పష్టంగా ఉంది. అయినా యూనిట్ తెలియకపోతే ఏళ్ళు రాత్రులయ్యాయి! మరి లిపి తెలియక, భాష తెలియక, అది అంకో కాదో తెలియక, గుంటలు లెక్కపెట్టి "365" అని తేల్చేవాళ్ళ మాట ఎంత నమ్మాలో మీరే చెప్పండి.

ఇదే గొడవ పెద్ద ఎత్తున సింధు లిపితో నడుస్తోంది. ఐరావతం మహదేవన్ 1977లో లెక్కపెట్టిన గుర్తులు 417. ఒక్కో ముద్ర మీద సగటున ఐదు గుర్తులే. తమిళంలో మీన్ అంటే చేపా, నక్షత్రమూ రెండూ కాబట్టి చేప గుర్తుని నక్షత్రంగా, ఏడు గీతలు పక్కనున్న చేపని సప్తర్షులుగా చదివాడు ఆస్కో పర్పోలా. అందంగా ఉంది, కానీ ఆ పక్క గుర్తుని ఇదే చెవితో తెరవడం ఇంకా కుదర్లేదు. 2004లో ఫార్మర్, స్ప్రోట్, విట్జెల్ అసలది లిపే కాదన్నారు. 2009లో రాజేష్ రావు బృందం ఎంట్రోపీ లెక్కలు వేసి అది భాషలా ప్రవర్తిస్తోందని సైన్స్ పత్రికలో రాసింది. భాష కాని గుర్తులు కూడా అలా ప్రవర్తించగలవని స్ప్రోట్ 2010లో జవాబిచ్చాడు. దక్షిణాది సమాధుల్లో దొరికే కుండల మీద గీతలకీ, సింధు గుర్తులకీ పోలికలున్నాయని బి.బి.లాల్ 1960లోనే 89 శాతం లెక్క చెప్పాడు. 2025 జనవరిలో సింధు లిపిని విప్పినవాళ్ళకి పది లక్షల డాలర్లు ఇస్తామని స్టాలిన్ తమిళనాడు ముఖ్యమంత్రి హోదాలో ప్రకటించారు. కాబట్టి వీకెండ్‌లో ఖాళీగా ఉన్నవాళ్ళు ప్రయత్నించొచ్చు :) కాకపోతే గీతకి గీత పోలితే మాటకి మాట పోలినట్టు కాదు. త్రిశూలం, చక్రం, నిచ్చెన ఆకారాలు ఎవరు గీసినా అలాగే వస్తాయి.

ఇంతకీ నాకు ఈ మొత్తంలో ఆసక్తిగా అనిపించిన విషయం వేరే ఉంది. రాతి మీద సూర్యసంవత్సరాన్ని వెతుకుతున్న మనం, నోటి మీద ఉన్నదాన్ని వదిలేస్తున్నాం. అదే కార్తెలు.

సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే కాలం ఒక కార్తె. 27 కార్తెలు, ఒక్కోటి 13 లేక 14 రోజులు, మొత్తం ఒక సంవత్సరం. చాంద్రమానంతో సంబంధం లేని పక్కా సౌర క్యాలెండర్. మా వైపు రైతుని ఎప్పుడు విత్తావన్నా అని అడిగితే తేదీ చెప్పడు, కార్తె చెబుతాడు. రోహిణి మే 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 8 ప్రాంతంలో, ఆరుద్ర జూన్ 22 ప్రాంతంలో వస్తాయి.

ఈ క్యాలెండర్‌లో ఒక మెల్లని జారుడు ఉంది. కార్తె నక్షత్రాలకి కట్టి ఉంటుంది, ఋతువు సూర్యుడి వంపుకి కట్టి ఉంటుంది. ఈ రెండు సంవత్సరాలకీ తేడా 20 నిమిషాలు. 71 ఏళ్ళకి ఒక రోజు. వెయ్యేళ్ళకి 14 రోజులు, అంటే సరిగ్గా ఒక కార్తె! మకర సంక్రాంతి డిసెంబర్ 21 నుంచి జనవరి 14కి జరిగింది ఇందుకే. ఇవాళ జూన్ అయనాంతం ఆరుద్ర మొదట్లో వస్తోంది. వెయ్యేళ్ళ క్రితం పునర్వసు మొదట్లో వచ్చేది. మూడు వేల ఏళ్ళ క్రితం ఆశ్లేష మొదట్లో. వేదాంగ జ్యోతిషం అయనాంతం ఆశ్లేష మధ్యలో అని చెబుతుంది, అంటే ఇంకా కొన్ని వందల ఏళ్ళు వెనక్కి. వరాహమిహిరుడు ఆరో శతాబ్దంలో ఆ పాత మాటని గుర్తుచేసి, ఇప్పుడు పునర్వసులో వస్తోందని రాశాడు. లెక్క వేసి చూసుకోండి, సరిపోతుంది. సూర్యసంవత్సరం రికార్డు అంటే ఇది. తప్పయితే దొరికిపోయే రికార్డు.

ఇప్పుడు దీన్ని ముడుమాల్ పక్కన పెట్టండి. పంచాంగం జారుతుంది, రాయి జారదు. అయనాంతానికి పాతిన రాళ్ళ వరస మూడు వేల ఏళ్ళకి అర డిగ్రీ కూడా తప్పలేదు. అదే కాలంలో నక్షత్రాలని నమ్ముకున్న లెక్క 42 రోజులు పక్కకి పోయింది. వెయ్యేళ్ళ క్రితం మృగశిర కార్తె ఇప్పటి లెక్కలో మే 25కి వచ్చి ఉండాలి. అప్పటికి నైరుతి ఋతుపవనం మన దాకా రాదు. అంటే మృగశిరకీ తొలకరికీ మనవాళ్ళు ముడిపెట్టిన మాటలు ఏ వేదకాలం నుంచో మారకుండా వచ్చినవి కావు. మధ్యలో ఎందరో రైతులు ఆకాశం చూసి, నేల చూసి, పాత మాట పనికిరాకపోతే సరిదిద్దుకుంటూ వచ్చారు. ఆ సంగతే నాకు పూర్వీకుల గొప్పతనంగా కనిపిస్తుంది. అన్నీ ముందే తెలిసి ఉండటంలో కాదు, తెలిసింది మార్చుకోవడంలో.

"వ్యవసాయానికి తేదీ కావాలి కాబట్టి రాళ్ళు పాతారు" అనే వివరణ కూడా నాకు అంత తొందరగా మింగుడు పడదు. సూర్యుడు తేదీ చెబుతాడు, వాన చెప్పడు. అనంతపురంలో వేరుశనగ విత్తేది తేదీని బట్టి కాదు, పదును చూసి. జూన్‌లో పడితే జూన్, లేకపోతే ఆగస్టు దాకా ఎదురుచూపులే. ఎక్కువ వాన పడే నెల సెప్టెంబర్. అంత కచ్చితమైన సూర్యుడి కింద ఇంత తప్పుడు మబ్బులు! మరి ఆ రాళ్ళు దేనికి? ఏడాదికోసారి చెల్లాచెదురైన మందలూ మనుషులూ ఒకచోట కలవడానికి ఒక రోజు కావాలేమో. చచ్చినవాళ్ళని తలుచుకోవడానికి ఒక రోజు కావాలేమో. కరువు నేలలో వాన మాట తప్పినా సూర్యుడు మాట తప్పడు, అది చాలేమో.

ఇదంతా తీరిక కబుర్లు అనుకోకండి. ఈ రాళ్ళకి టైం లేదు. కుప్పగల్లు కొండ బొమ్మల పక్కనే గ్రానైట్ క్వారీలు తవ్వుతున్నారని బోవిన్ 2004లోనే రాసింది. మన సీమలో రాక్షసగుళ్ళు కనబడితే నిధులుంటాయని తవ్విపోసేవాళ్ళు ఒకవైపు, బండలు కడ్డీలకి పనికొస్తాయని తీసుకెళ్ళేవాళ్ళు ఇంకోవైపు. ఒక వరసలో ఆరు రాళ్ళుంటే అది సాక్ష్యం. అందులోంచి నాలుగు పోతే మిగిలిన రెండూ ఇందాకటి 105 జతల్లో ఒకటి. ఏ లెక్కా వాటిని తిరిగి సాక్ష్యం చేయలేదు.

అందుకని ఊరికి వెళ్ళినప్పుడు పొలంలోనో గుట్ట మీదనో ఇలాంటి రాళ్ళు కనబడితే ఒక పని చేయండి. కదిలించకండి, సున్నం వేయకండి, గుంటల్లో సుద్ద రుద్దకండి. జీపీఎస్‌తో చోటు గుర్తించండి. పక్కన ఒక స్కేలు పెట్టి ఫొటో తీయండి. నచ్చిన ఏడింటినే కాదు, అన్ని గుంటలూ పడేలా తీయండి. ఫోన్‌లోని కంపాస్‌ని నమ్మకండి. అయస్కాంతపు ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ మన వైపు ఒక డిగ్రీ అటూ ఇటూ తేడా ఉంటుంది, ఫోన్ తప్పు దానికంటే ఎక్కువ. ఒక కర్ర నిటారుగా పాతి, మధ్యాహ్నం నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్నప్పుడు గీత గీస్తే అదే ఉత్తర దక్షిణం. తర్వాత ఆ వివరాలు పురావస్తు శాఖకి రాయండి. జవాబు వచ్చినా రాకపోయినా రికార్డు మిగులుతుంది.

ఆ పక్కనే ఎవరైనా పెద్దాయన మేకలు కాసుకుంటూ ఉంటే, ఈ రాళ్ళని ఏమంటారు తాతా అని అడిగి, ఆయన చెప్పిన మాటని చెప్పినట్టే రాసుకోండి. మన సిద్ధాంతం ఆయనకి చెప్పకముందే అడగాలి సుమా! చెప్పాక అడిగితే మన మాటే మనకి తిరిగొస్తుంది.